ఏడడుగుల యుటిలిటీ, ఇంటెడు చాకిరీ: బట్టల గది సర్దుకునే పద్ధతి

బిల్డర్ బ్రోచర్‌లో దాని పేరు యుటిలిటీ. మా అత్తయ్యకి అది 'దొడ్డి వైపు', మా పనావిడకి 'గిన్నెల కాడ', పిల్లలకి బ్యాటు విసిరేసే మూల. వంటింటి వెనక ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. బట్టలు ఉతకడం, ఆరేయడం, గిన్నెలు తోమడం అన్నీ అందులోనే. చెత్తబుట్టలు, చీపుర్లు, మాప్ బకెట్, గ్యాస్ సిలిండర్, పండక్కి తోమాల్సిన ఇత్తడి సామాను కూడా అక్కడే ఉండాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలామందికి ఇంతకంటే ఎక్కువ ఉండదు. సొంతిల్లు కట్టుకునేవాళ్లు ఇంకో రెండడుగులు కలుపుకోగలరేమో గానీ పనులు మాత్రం ఇవే.

మూడేళ్లలో దీన్ని మూడుసార్లు సర్దాను. మొదటి రెండుసార్లూ ప్లాస్టిక్ డబ్బాలు కొనడంతో మొదలుపెట్టి, చివరికి ఆ డబ్బాలకే చోటు లేక వాటిని అటక ఎక్కించాను. మూడోసారికి గానీ అసలు సంగతి బోధపడలేదు. ఒకే జానెడు నేల కోసం పొద్దున ఏడింటికి ముగ్గురం పోటీ పడుతున్నాం, మధ్యాహ్నం రెండింటికి అక్కడ పిల్లి కూడా ఉండదు. చోటు పంచే ముందు వేళలు పంచుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీద కుదిరిందే.

1. ముందు ఒక వారం కాగితం అంటించండి

గోడకి ఒక తెల్లకాగితం అంటించి, పక్కనే పెన్ను కట్టేయండి. ఎవరొచ్చినా ఎన్నింటికి వచ్చారో, ఏం పనో, ఏది అడ్డమొచ్చిందో ఒక ముక్క రాయాలి. రాయడం ఇష్టం లేనివాళ్లని మీరే అడిగి రాయండి. మా కాగితం మీద తేలిన మొదటి విషయం, నేను మెషీన్ వేసే వేళా పనావిడ గిన్నెలు తోమే వేళా ఒకటేనని. "అమ్మా, మిషిన్ తలుపు తీస్తే నేనేడ కూసోవాలె?" అంది. "అయ్యో, మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటక్కా?" అన్నాను. "మీరు అడగలే కదమ్మా" అంది. ఇప్పుడు రాత్రే బట్టలు వేసి, పొద్దున ఆరింటికి పూర్తయ్యేలా డిలే స్టార్ట్ పెడుతున్నాను. ఆవిడ వచ్చేసరికి బట్టలు పైన వేలాడుతుంటాయి, నేల ఖాళీ. దీనికి రూపాయి ఖర్చు కాలేదు.

అదే వారంలో ఒక చొక్కా వెంట కూడా పడండి. విడిచిన చోటు నుంచి బుట్టలోకి, మెషీన్‌లోకి, దండెం మీదకి, మడతకి, ఇస్త్రీకి, మళ్లీ బీరువాలోకి దాని ప్రయాణం ఎలా సాగుతోందో చూడండి. అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడే గుట్ట పెరుగుతుంది. మా ఇంట్లో హాల్లో దివాన్ మీద ఆగేది. మీ ఇంట్లో బహుశా కుర్చీ మీద. అలాంటి ఇంట్లో యుటిలిటీకి ఎన్ని అరలు కొట్టించినా దివాన్ ఖాళీ అవదు. మడతపెట్టే చోటు లేకపోవడమే అక్కడ జబ్బు.

2. టేపు తీసుకుని కొలవండి

ఫ్రంట్ లోడ్ మెషీన్ సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 ఎత్తు ఉంటుంది. లోతు మోడల్‌ని బట్టి మారుతుంది. వెనక పైపులకి ఇంకో 10 సెంటీమీటర్లు వదలాలి. ఈ పది సెంటీమీటర్లు మర్చిపోయి, మెషీన్ వచ్చాక తలుపు మూయలేక తంటాలు పడేవాళ్లు ఎందరో. టాప్ లోడ్ అయితే మూత తెరిచినప్పటి ఎత్తు కొలవాలి. అది దాదాపు నాలుగున్నర అడుగులు అవుతుంది కాబట్టి దాని పైన అర పెట్టాలంటే ఐదడుగులకి పైనే. ఫ్రంట్ లోడ్ లాభం ఇక్కడే. దాని మీద ఒక బల్ల పడుతుంది, ఆ బల్లే మడతల చోటు.

మెషీన్ తలుపు పూర్తిగా తెరిచి, ముందు మనిషి వంగడానికి చోటుందో లేదో చూడండి. వంటింటి తలుపు యుటిలిటీలోకి తెరుచుకుంటే దాన్ని వంటింట్లోకి తెరుచుకునేలా తిప్పించండి, లేదా తీసేయించి స్లైడింగ్ పెట్టించండి. మాకు ఆ ఒక్క మార్పుతో దాదాపు ఆరు చదరపు అడుగుల నేల చేతికొచ్చింది.

3. నీళ్లు, నేల

ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. అరలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నేల వాటం మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి.

ఒక చెంబుడు నీళ్లు గది మధ్యలో పోయండి. అవి తూము వైపు పరుగెత్తాలి. నిలబడి ఆలోచిస్తున్నాయంటే వాటం లేదన్నమాట. ఏడడుగుల పొడవుకి ఒక అంగుళం వాటం ఉంటే సరిపోతుంది. కొత్తగా కట్టుకునేవాళ్లు యుటిలిటీ నేలని వంటింటి నేల కంటే కనీసం రెండంగుళాలు కిందకి దించమని మేస్త్రీకి ముందే చెప్పండి. గుమ్మం దగ్గర చిన్న గ్రానైట్ గట్టు పెట్టించండి.

మెషీన్ వచ్చిన కొత్తలో బిగించడానికి వచ్చినాయన డ్రెయిన్ పైపు తీసుకెళ్లి నేల మీది నహానీ ట్రాప్ (తూము) జాలీలో దూర్చి వెళ్లిపోయాడు. మెషీన్ పంపు నీళ్లు వదిలే వేగానికి ఆ జాలీ తట్టుకోలేదు, నురగ వెనక్కి పొంగి వంటింట్లోకి వచ్చింది. బియ్యం బస్తా అడుగు తడిసింది. ఫ్రంట్ లోడ్‌కి చాలా కంపెనీలు డ్రెయిన్ పైపు నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకి లేచి దిగాలని చెబుతాయి. కిందనే ఉంటే డ్రమ్ములో నీళ్లు తమంతట తామే జారిపోయి, మెషీన్ నింపుకుంటూనే ఉండొచ్చు. ప్లంబర్‌తో గోడకి నిలువుగా ఒక పైపు పెట్టించి, మెషీన్ గొట్టాన్ని అందులో వదులుగా వేలాడదీయించండి. గాలి ఆడాలి కాబట్టి చుట్టూ సీల్ చేయొద్దు. గిన్నెల సింకుకి వేరే దారి ఉంటే ఇంకా మంచిది. అన్నం మెతుకులూ బట్టల పీచూ ఒకే గొట్టంలో కలిస్తే నెలకోసారి ప్లంబర్ తప్పడు.

మీరు పై అంతస్తులో ఉంటే నీటి ఒత్తిడి కూడా చూసుకోండి. చాలా మెషీన్లు కనీసం 0.3 బార్ అడుగుతాయి, అంటే ట్యాంకులో నీటి మట్టం కుళాయి కంటే పదడుగులు పైన ఉండాలి. ట్యాంకుకి సరిగ్గా కింద ఫ్లాట్ ఉన్నవాళ్లకి ఇది అంతంతమాత్రంగా అందుతుంది. నా లెక్క సులువు: 20 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండితే దిగుల్లేదు, ఐదు నిమిషాలు పడితే చిన్న ప్రెజర్ పంపు పెట్టించుకోవాలి.

ఇక బోరు నీళ్లు. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో ఇబ్బంది తక్కువ, బోరు మీద ఆధారపడే కాలనీల్లో ఉప్పు పేరుకుని మెషీన్‌లోని హీటర్ పాడవుతుంది, తువ్వాళ్లు అట్టముక్కల్లా అవుతాయి. తాగునీటికి ఐ.ఎస్. (భారతీయ ప్రమాణం) 10500 కాఠిన్యానికి, అంటే నీటిలోని సున్నపు ఉప్పులకి, హద్దుని లీటరుకి 200 మిల్లీగ్రాములుగా పెట్టింది. వేరే నీటి వనరు లేకపోతే 600 వరకూ ఒప్పుకుంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే టీడీఎస్ మీటరు నీటిలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యం ఒక్కటే చెప్పదు. దానికి టెస్ట్ కిట్ వేరే. ఏదీ లేకపోతే సీసాలో సగం నీళ్లు, చిటికెడు సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. నురగ రాకుండా తెల్లటి విరుగుడు తేలితే మీ నీళ్లు గట్టివే. ఇన్లెట్ దగ్గర మంచి ఫిల్టరు ఇసుకని ఆపుతుంది గానీ కాఠిన్యాన్ని ఆపలేదు, దానికి సాఫ్ట్‌నర్ కావాలి. పనిలో పని, ఆర్వో మెషీన్ వదిలే నీళ్లు బకెట్‌లో పట్టి మాప్‌కి వాడుకోవచ్చు. వాషింగ్ మెషీన్‌లో మాత్రం పోయకండి. ఆర్వో వదిలేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

4. కరెంటు

నీళ్లు వేడిచేసే మెషీన్ 2000 వాట్ల దాకా లాగుతుంది. మన 230 వోల్టుల మీద అది దాదాపు 9 ఆంపియర్లు. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్, దానికి వేరే ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్), సరైన ఎర్త్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాట ఎత్తొద్దు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడే చోటు ఇది. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకై షాక్ కొట్టేలా ఉంటే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి, లేకపోతే అల్మారాలకంటే ముందు అది పెట్టించండి. సాకెట్ నేల నుంచి నాలుగడుగుల పైన, కుళాయికి దూరంగా, మూత ఉన్నదై ఉండాలి. ఇస్త్రీ పెట్టెకి వేరే సాకెట్.

సిలిండర్ కూడా అక్కడే పెట్టేవాళ్లకి ఒక మాట. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుని తూములోకి దిగుతుంది. సిలిండర్‌ని నిలబెట్టే ఉంచండి, నేల మట్టంలో గాలి ఆడే సందు ఉంచండి, స్విచ్చులకీ ఇస్త్రీ పెట్టెకీ వీలైనంత దూరంగా ఉంచండి. గ్లాసు తలుపులతో బాల్కనీ మొత్తం మూసేసి లోపల సిలిండర్ పెట్టిన ఇళ్లు చూశాను, నాకు లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు.

5. బుట్టలు మూడు, బకెట్ ఒకటి

బట్టలు ఉతికే రోజు వేరుచేద్దామనుకుంటే ఎప్పటికీ వేరుచేయం. విడిచేటప్పుడే వేరవ్వాలి. తెల్లవి, లేత రంగులవి ఒక బుట్ట, ముదురువి ఇంకో బుట్ట, తువ్వాళ్లు దుప్పట్లు మూడో బుట్ట. గాలి ఆడే జాలీ బుట్టలైతేనే మంచిది, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో చెమట బట్టలు రెండు రోజుల్లో ముక్కిపోయిన వాసన వస్తాయి. బుట్టలు యుటిలిటీలోనే ఉండాలని రూలేం లేదు. మాకు బట్టలు విడిచేది పడకగదిలో, కాబట్టి బుట్టలు అక్కడే. ఉతికే రోజు బుట్టతో సహా యుటిలిటీకి వస్తాయి.

మూలన ఉండే బకెట్ చేత్తో ఉతికేవాటికి. జరీ చీరలు, కొత్తగా కొన్న రంగు దిగే నేతబట్టలు (మొదటి రెండు మూడు ఉతుకులు విడిగానే), గంజి పెట్టాల్సిన మంగళగిరి, వెంకటగిరి కాటన్లు అందులోకే వెళ్తాయి. గంజి మెషీన్‌లో పోయకండి, పైపుల్లో జిగురు కడుతుంది. గిన్నె తుడిచే గుడ్డలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు అన్నీ కలిపి వారానికోసారి విడిగా వేడినీళ్లలో వేయండి.

మెషీన్ మీద 7 కిలోలు అని ఉంటే అది పొడిబట్టల బరువు. జీన్స్ సుమారు అరకిలో పైన, పెద్ద తువ్వాలు అరకిలోకి అటూఇటూ. ఫ్రంట్ లోడ్‌లో అయితే డ్రమ్ములో బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉంచితే చాలు. దుప్పట్ల విషయంలో ఆశకు పోవద్దు.

6. దండెం

ఉతకడం మెషీన్ చూసుకుంటుంది, ఆరేయడం మాత్రం ఇప్పటికీ మనదే. మేడ మీద పొడవాటి తీగ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఎండకి మించిన డ్రయ్యర్ లేదు. మిగతావాళ్లకి సీలింగ్‌కి బిగించే తాళ్ల హ్యాంగర్ ఉత్తమం. ఆరు స్టీలు గొట్టాలు, ప్రతి గొట్టానికీ విడి తాడు. బిగించే ముందు స్లాబులో ప్లాస్టిక్ ప్లగ్గులు కాకుండా యాంకర్ బోల్టులు వేయమని చెప్పండి. తడి దుప్పటి బరువు తక్కువేం కాదు. కిందకి దించినప్పుడు మీ భుజం ఎత్తుకి రావాలి. పైకి లాగితే మనిషి తల తగలకూడదు, అంటే ఆరున్నర అడుగులకి పైన.

చీర గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఐదున్నర మీటర్ల చీర ఆరడుగుల గొట్టం మీద ఒక వరసలో పట్టదు. నాలుగు మడతలు పెట్టి వేస్తే లోపలి మడత సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. నేను మొదటి గొట్టం మీద ఒక అంచు వేసి, మధ్యలో ఒక గొట్టం వదిలి మూడోదాని మీద రెండో అంచు వేస్తాను. మధ్యలో చీర ఉయ్యాలలా వేలాడుతుంది, గాలి రెండు వైపులా తగులుతుంది. పొడవుని మాత్రం మూడు మడతలుగా సర్దక తప్పదు గానీ ఆ మడతలు ఒకదాన్నొకటి అంటుకోవు. కాటన్ చీర వేసవిలో గంటన్నరలో ఆరిపోతుంది. చొక్కాలు నేరుగా హ్యాంగర్‌కి తగిలించి ఆరేస్తే సగం ఇస్త్రీ తప్పుతుంది.

వానాకాలంలో స్పిన్ (మెషీన్ బట్టలు పిండే వేగం) పెంచండి. ఫ్రంట్ లోడ్‌లో 1000, 1200 ఆర్.పి.ఎం. పెట్టుకోవచ్చు. తర్వాత ఆరేసిన బట్టల కింద ఒక ఫ్యాను, కిటికీ తెరిచి ఉంచడం. మూసిన గదిలో ఆరేస్తే గోడలకి బూజు పడుతుంది.

మా అత్తయ్య మడిబట్టలు వేరే గొట్టం మీదే ఆరాలి, ఎవరూ తగలకూడదు. గోడవైపు చివరి గొట్టం ఆవిడది. దానికి పసుపు దారం కట్టాం, గొడవ తీరింది.

7. మడత బల్ల, ఇస్త్రీ

ఫ్రంట్ లోడ్ పైన, దానికి తగలకుండా గోడకి ఆనించిన బల్ల కావాలి. మెషీన్ వణుకు బల్లకి రాకూడదు. నేను మొదట మామూలు ప్లైవుడ్ కొట్టించాను, ఒక వానాకాలంలో అంచులు అప్పడంలా ఉబ్బాయి. ప్లై తప్పనిసరైతే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. మామూలు ప్లైకి ఉండే ఐ.ఎస్. 303 ముద్ర చూపించి అదీ ఇదీ ఒకటే అంటే నమ్మకండి. నన్నడిగితే కడప బండని మించింది లేదు. నీళ్లకి చెక్కుచెదరదు, చెద పట్టదు, ధర తక్కువ. బరువు మోసే బ్రాకెట్లు లేదా గోడలో గాడి ఉండాలి, అంతే.

బల్ల 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నడుం వంచకుండా మడతపెట్టుకోవచ్చు. మా రూలు ఏంటంటే దండెం నుంచి దించిన బట్ట బల్ల దాటి హాల్లోకి వెళ్లకూడదు. అక్కడే మడత, అక్కడే ఎవరి గంప వాళ్లకి. నలుగురికి నాలుగు చిన్న గంపలు. రాత్రి పడుకునే ముందు ఎవరి గంప వాళ్లు మోసుకుపోతారు. మావాడు నెలరోజులు మోయలేదు, గంపలోంచే బట్టలు తీసి వేసుకున్నాడు. నేనేమీ అనలేదు. గుట్ట వాడిదే కాబట్టి చివరికి వాడే విసిగిపోయాడు.

ఇంటి కింద ఇస్త్రీ బండి ఉన్నవాళ్లు బల్ల పక్కన ఒక సంచి తగిలించి, మీద చిన్న నోట్‌బుక్ కట్టండి. ఎన్ని వెళ్లాయో, ఎన్ని వచ్చాయో రాసుకునే చాకలి పద్దు మా నాయనమ్మ కాలం నుంచీ ఉన్నదే, దానికి మించిన యాప్ నాకు దొరకలేదు. ఇంట్లోనే చేసుకుంటే గోడకి మడిచే ఇస్త్రీ బోర్డు. మెషీన్ మూత మీద తువ్వాలు పరిచి ఇస్త్రీ చేయకండి, వేడికి పైన ప్యానెల్ వంకరపోతుంది.

8. మిగతా సామాను

నేల మీద ఉండగలిగేవి మెషీన్, చేత్తో ఉతికేవాటి బకెట్, చెత్తబుట్టలు, సిలిండర్ మాత్రమే. చీపుర్లు, మాప్ కర్ర, బ్రష్షులు తలకిందులుగా గోడ క్లిప్పులకి. తడి చెత్త, పొడి చెత్త బుట్టల్ని వీలైతే ఇక్కణ్నుంచి తీసి ఇంటి ముందు తలుపుకి దగ్గరగా పెడితే చెత్తబండి వచ్చినప్పుడు ఇల్లంతా మోయక్కర్లేదు. ఉల్లిపాయలు, బియ్యం, పప్పులు ఇక్కడ పెట్టకండి, ఆ చెమ్మకి మొలకలెత్తుతాయి లేదా పురుగు పడతాయి.

సబ్బు పొడి, లిక్విడ్, నీలిమందు, కుంకుడుకాయలు కంటి ఎత్తులో. ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్, కలరా ఉండలు పిల్లలకి అందని పై అరలో, అవి కూడా ఒకదానికొకటి దూరంగా. బాత్రూం కడిగే ఆసిడ్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఊపిరాడదు, ప్రాణం మీదికి వస్తుంది. 'రెండూ కలిపితే ఇంకా తెల్లగా అవుతుంది' అని ఎవరో చెప్పారని మా పనావిడ ఒకసారి కలపబోయింది. అప్పటి నుంచి ఆసిడ్ సీసాకి ఎర్ర రిబ్బన్ కట్టి, ఒక అరలో ఒకటే ఉంచుతున్నాం. వేరే సీసాల్లోకి, ముఖ్యంగా కూల్‌డ్రింక్ సీసాల్లోకి ఇవేవీ పోయొద్దు.

9. నెలకోసారి గంటసేపు

మెషీన్ కొత్తగా వచ్చిన రోజే వెనక ఉన్న మూడు నాలుగు రవాణా బోల్టులు తీశారో లేదో చూడండి. తీయకపోతే స్పిన్‌లో నడుచుకుంటూ వంటింట్లోకి వస్తుంది. నాలుగు కాళ్లూ నేలకి ఆనాలి, మట్టం చూసే లెవెల్ పెట్టి సరిచేసుకోవాలి.

నెలకోసారి ఖాళీ డ్రమ్ముని వేడినీళ్లతో ఒక విడత తిప్పండి. బోరు నీళ్లైతే, కంపెనీ పుస్తకం వద్దనకపోతే, నిమ్మ ఉప్పు వంద గ్రాములు వేయొచ్చు. నీళ్లొచ్చే గొట్టం చివర జాలీ విప్పి బ్రష్షుతో కడగండి. ఫ్రంట్ లోడ్ రబ్బరు మడతల్లో పొడిగుడ్డ పెట్టి తుడిచి, ఉతుకు అయ్యాక తలుపు ఎప్పుడూ ఓరగా వదిలేయండి.

ఇక ముందు వైపు కింద చిన్న మూత ఉంటుంది, అందులో పంపు ఫిల్టరు. పళ్లెం పెట్టి, నెమ్మదిగా తిప్పండి, కప్పుడు మురికినీళ్లు వస్తాయి. నేను మొదటిసారి తెరిచినప్పుడు రెండు పిన్నీసులు, ఐదు రూపాయల బిళ్ల, చొక్కా గుండీ, జుట్టు ముద్ద, దాని మధ్యలో ఒక చెవిదిద్దు సీల దొరికాయి. ఆ సీల కోసం అంతకు ముందు పండగరోజు మంచాలు జరిపి, ఇల్లంతా ఊడ్చి, చివరికి పాపం పనావిడ ముందు కూడా ఒకటికి రెండుసార్లు ఆ మాట ఎత్తాం. సీల తీసుకెళ్లి ఆవిడకి చూపించాను. "జేబులు చూసి ఎయ్యుమని మీకు ఎన్నిసార్లు చెప్పిన్నమ్మా" అంది. ఇప్పుడు మెషీన్ పక్కన గోడకి ఒక ఖాళీ నెయ్యి డబ్బా తగిలించి ఉంది. జేబుల్లోంచి, కొంగుల్లోంచి దొరికినవన్నీ బట్టలు వేసే ముందే అందులో పడతాయి.